చిగుళ్ల రంగు తుపాకీ

పళ్లాయన ఇల్లెక్కడ అని అడిగితే ఆ వీధిలో ఎవరైనా చూపిస్తారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మాత్రం ఒక్కసారైనా సంచి పట్టుకుని వచ్చి, "అరటిపళ్లున్నాయాండీ?" అని అడుగుతారు. తలుపు తీసిన మనిషి చేతిలో ఒక పై దవడ, చొక్కా జేబులోంచి తొంగిచూస్తూ ఒక కింది దవడ కనబడేసరికి, సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోతారు.

ఆయన చేసేవి కట్టుడు పళ్లు. బజారులో ఉన్న పళ్ల డాక్టరమ్మ క్లినిక్ వెనక, మందుల అట్టపెట్టెలు పడేసే కొట్టుకీ బాత్‌రూముకీ మధ్యనున్న ఇరుకు గది ఆయన కార్ఖానా. మైనం కరిగించే గ్యాస్ బుడ్డి, ఒక పాలిష్ చక్రం, మెడ వంచే దీపం, కూర్చుంటే కిర్రుమనే స్టూలు. గోడ అరమీద ప్లాస్టర్‌తో పోసిన దవడలు వరసగా ఉండేవి. ఊళ్లో పెద్దవాళ్లు సగంమంది అక్కడ చేరి నోళ్లు తెరుచుకుని ఏదో వింటున్నట్టుండేది. ఆయన కనుబొమల్లో ఎప్పుడూ తెల్లటి పొడి. స్నానం చేసినా పోయేది కాదు. అందుకని యాభై దాటకుండానే డెబ్బై ఏళ్లవాడిలా కనబడి బస్సుల్లో సీటు దొరికించుకునేవాడు.

ఏ వస్తువునీ దాని మానాన దాన్ని వదిలేయలేకపోవడం ఆయనకున్న ఒకే ఒక జబ్బు. జేబులో ఎప్పుడూ గరుకు కాగితం ముక్క ఉండేది. మంగలి షాపులో కూర్చుంటే కుర్చీ చెయ్యి గరుగ్గా ఉందని క్షవరం అయ్యేలోగా నున్నగా రుద్దేసేవాడు. బ్యాంకులో తాడు కట్టి ఉంచిన పెన్ను మూత అంచు గీసుకుంటోందని దాన్నీ రుద్దాడు. సెక్యూరిటీ అతను వచ్చి, "ఏం చేస్తున్నారండీ?" అంటే, "ఇప్పుడు పట్టుకుని చూడండి" అని అతని చేతికే ఇచ్చాడు.

ఆయన భార్యది డ్రైవింగ్ స్కూలు. ఊళ్లో అందరూ ఆవిణ్ణి ఇన్‌స్ట్రక్టరమ్మ అంటారు. స్కూలంటే నెత్తిన బోర్డున్న ఒక చిన్న కారు, ఆవిడ గొంతు. ఆ గొంతుకి వీధి మలుపులో కుక్కలు కూడా పక్కకి తప్పుకునేవి. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు తొక్కీ తొక్కీ ఆవిడకదే అలవాటైపోయింది. ఇంట్లో సోఫాలో కూర్చున్నా సరే, టీవీలో ఎవరైనా గోడకి గుద్దుకోబోతే ఆవిడ కుడికాలు దబ్బున నేలని తొక్కేది.

ఆవిడకో తమ్ముడు. కొరియర్ గోడౌన్లో పని. వారమంతా పార్సిళ్లు మోసి, ఆదివారం ఊరి చివర మూతబడ్డ బిస్కెట్ల ఫ్యాక్టరీకి పోయి ఎయిర్‌సాఫ్ట్ ఆడేవాడు. తుపాకీలు చూడ్డానికి నిజమైనవే అనిపిస్తాయి గానీ, బయటికొచ్చేది ప్లాస్టిక్ పూస. లోపల స్ప్రింగు గాలిని తోస్తుంది, గాలి పూసని తోస్తుంది. మొహాలకి మాస్కులు కట్టుకుని రెండు జట్లవాళ్లు ఫ్యాక్టరీ గదుల్లో దాక్కుంటూ ఒకరినొకరు కొట్టుకుంటారు. పూస తగిలినవాడు తనంతట తానే చెయ్యెత్తి "తగిలింది" అని చెప్పి బయటికి పోవాలి. ఆట మొత్తం ఈ నిజాయితీ మీదే నడుస్తుంది.

ఒక ఆదివారం పొద్దున్నే బావమరిది ఇంటికొచ్చాడు.

"బావా, మా నల్ల చొక్కాల జట్టులో ఒక మనిషి తక్కువయ్యాడు. నువ్వు రావాలి."

"నాకు తుపాకీలేం తెలుసురా?"

"ఏం తెలియక్కర్లేదు. ఊరికే నిలబడు, చాలు."

"నిలబడితే ఏమవుతుంది?"

"కొడతారు."

"నొప్పెడుతుందా?"

"చీమ కుట్టినట్టుంటుంది బావా, అంతే."

ఆ రోజు పళ్లాయనని కుట్టిన చీమలు ఏ జాతివో గానీ, సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన కుర్చీలో కూర్చోలేదు. గోడకి భుజం ఆనించి నిలబడి కాఫీ తాగాడు. కొట్టినవాళ్లందరూ వెనకనుంచే కొట్టారు. పైగా ఆయన నిజాయితీ మరీ ఎక్కువ. పూస పక్కనుంచి పోయినా "తగిలిందేమో" అని చెయ్యెత్తేసేవాడు. ఒకసారి సున్నం పెచ్చు ఊడి భుజం మీద పడితే దానికీ చెయ్యెత్తి బయటికొచ్చేశాడు. రిఫరీగా ఉండే రిటైరైన డ్రిల్లు మాస్టారు విజిల్ నోట్లోంచి తీసి, "మిమ్మల్ని కొట్టింది గోడండీ. గోడ ఏ జట్టులోనూ లేదు. లోపలికి పదండి" అని వెనక్కి పంపారు.

అయితే ఇంటికొచ్చిన పళ్లాయన ఆలోచన దెబ్బల మీద లేదు. బావమరిది తన పాత తుపాకీ ఒకటి ఇచ్చాడు. దాని పిడిమీద, రెండు ప్లాస్టిక్ ముక్కలు కలిసేచోట, సన్నటి గీతలా ఎత్తుగా ఉంది. అది అరచేతిలో గుచ్చుకుంటోంది. ఆయన దాన్ని దీపం కింద పెట్టి, గోటితో తడిమి, బాధపడ్డాడు.

"నోట్లో ఇలాంటి గీత ఉంటే పేషెంటు ఆ పూటే వచ్చి పళ్లసెట్టు నా మొహాన కొడతాడు" అన్నాడు భార్యతో. "చేసినవాడికి చెయ్యి లేదా? వాడెప్పుడూ దీన్ని పట్టుకుని చూడలేదా?"

"మా తమ్ముడు పారేసినవన్నీ మనింటికే ఎందుకొస్తాయండీ?" అంది ఆవిడ. ఆవిడకి ఆ గీత కనబడలేదు. ఆయనకి మరి కనబడుతోంది కాబట్టి నిద్ర పట్టలేదు.

మర్నాడు క్లినిక్‌లో పని కాస్త తెరిపిచ్చాక తలుపు దగ్గరికి వేసుకుని, నోటి అచ్చు తీసే ముద్ద గిన్నెడు కలిపాడు. దానికి పుదీనా వాసన, పిల్లలు కూడా నోరు తెరవాలని. చెయ్యి తుపాకీ పట్టుకున్నట్టు వంచి అందులో ముంచి, అది గట్టిపడేదాకా కదలకుండా కూర్చున్నాడు. ముక్కు దురద పెట్టింది. ఓర్చుకున్నాడు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోస్తే, వేళ్ల ముడతలతో సహా ఆయన చెయ్యే దిగింది. దాన్ని దవడల మధ్య ఆరబెట్టాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మ వెనక గదిలోకి వచ్చి అరకేసి చూసింది.

"ఇదేంటండీ? చెయ్యా?"

"సొంత పనండీ డాక్టరుగారూ. చిన్న సరదా."

"సరదాకేం గానీ లోపల పెట్టండి బాబూ. ఒకాయన బాత్‌రూముకని వచ్చి దీన్ని చూసినట్టున్నాడు. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడు, మీరు ఎంతవరకు పీకుతారండీ అని నన్నడుగుతున్నాడు."

ఆ ప్లాస్టర్ చేతికి సరిపోయేలా మైనంతో పిడి చేసి, దాని చుట్టూ ప్లాస్టర్ పోసి, లోపలి మైనం కరిగించి, ఆ ఖాళీలో పళ్లసెట్ల ప్లాస్టిక్ పోశాడు. ఆయన దగ్గరున్నది ఒకే రంగు. చిగుళ్లు అచ్చం చిగుళ్లలా కనబడాలని అందులో సన్నటి ఎర్ర నూలు పోగులు కూడా కలిపి ఉంటాయి. పాలిష్ చక్రం మీద మెరుగు పెట్టాక పిడి గులాబిరంగులో, లోపల నరాలు కనబడుతూ, నిగనిగలాడుతూ తయారైంది. దాన్ని పట్టుకుంటే చెయ్యి ఎక్కడ అయిపోతుందో పిడి ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. పళ్లాయన కళ్లు మూసుకుని చాలాసేపు పట్టుకునే కూర్చున్నాడు.

ఆ శనివారం సాయంత్రం ఆయన బల్లమీద రెండు తెల్ల అట్టపెట్టెలున్నాయి. ఒకదాంట్లో పిడి. రెండోదాంట్లో పాటల మాస్టారి కొత్త పళ్లసెట్టు. మాస్టారికి ఆదివారం పదింటికి ఏదో సభలో పాడే పనుంది. కొత్త పళ్లతోనే పాడాలని పట్టుబట్టి చేయించుకున్నారు. మనిషిని పంపి పెట్టె తెప్పించుకుని, సభకి వెళ్లేముందే పెట్టుకుందామని విప్పకుండా ఉంచుకున్నారు.

ఆదివారం ఫ్యాక్టరీలో నల్ల చొక్కాలందరూ చుట్టూ చేరారు. పళ్లాయన మర్యాదగా గొంతు సవరించుకుని, "నా చేత్తో నేనే చేశాను. చూసి చెప్పండి" అని పెట్టె మూత తీశాడు.

లోపల్నుంచి ముప్పైరెండు పళ్లు వాళ్లని చూసి నవ్వాయి.

అందరూ ఒకడుగు వెనక్కి వేశారు. బావమరిది, "బావా, దీంతో ఎలా కొట్టాలి? దగ్గరికెళ్లి కొరకాలా?" అన్నాడు.

అప్పుడే ఫోను మోగింది. డాక్టరమ్మ.

"పాటల మాస్టారు ఫోన్ చేశారండీ. మీరిచ్చింది నోట్లో పట్టడం లేదంటున్నారు."

పళ్లాయన పెట్టె మూత చటుక్కున వేసేశాడు. "ఇప్పుడేం చేస్తున్నారటండీ ఆయన?"

"కాస్త అరగదీస్తే పడుతుందేమోనని ఆకురాయి పెట్టి రుద్దుతున్నారట."

"వద్దనండి! రుద్దొద్దనండి! అది నా పిడి!"

బావమరిది బండి తీశాడు. పళ్లాయన మాస్కు తియ్యడం మరిచిపోయి వెనక ఎక్కి కూర్చున్నాడు. పాటల మాస్టారు తలుపు తీసేసరికి గుమ్మంలో, మొహానికి ఇనప జల్లెడ కట్టుకుని, నల్ల చొక్కా వేసుకుని, చేతిలో పళ్లసెట్టు పట్టుకుని ఎవడో నిలబడి ఉన్నాడు. మాస్టారు తలుపు వేసేసుకున్నారు.

"మాస్టారూ, నేనండీ! మీ పళ్లు తెచ్చానండీ!"

తలుపు సందులోంచి పిడి బయటికొచ్చింది. పళ్లసెట్టు లోపలికెళ్లింది. లోపల కాస్త చప్పుడయ్యాక, ఈసారి పళ్లున్న గొంతు వినబడింది. "నేనూ అనుకున్నానయ్యా, నా నోరు మరీ అంత పెద్దది కాదే అని. మా ఆవిడే, మీకు నోరు పెద్దదేలెండి, పెట్టుకోండి అని ఒకటే పోరు."

పిడి పైమూల మాస్టారు చాలానే అరగదీశారు. బండి మీద వెనక్కి వస్తూ పళ్లాయన దాన్ని పట్టుకుని చూశాడు. అరగదీసిన చోట బొటనవేలు ఇంకా హాయిగా కూర్చుంది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఇంక ఆయన ఆగలేదు. తుపాకీ మడమ భుజానికి గుచ్చుకుంటోందని, డాక్టరమ్మ మూలపడేసిన పాత కుర్చీ తలదిండు కోసి దానికి కుట్టాడు. అందరూ వెనకనుంచే కొడుతున్నారు కాబట్టి వెనక ఏముందో కనబడాలని ఒక చిన్న అద్దం బిగించాడు. అద్దం ఎక్కడిదంటే, భార్య కారు ముందు గాజుకి అంటించి ఉంటుంది, నేర్పేవాళ్లు వెనక్కి చూసుకోవడానికి. అది తీసేముందు ఆవిణ్ణి అడుగుదామనే అనుకున్నాడు. ఆవిడ ఎవరికో క్లచ్చు గురించి అరుస్తోంది. సరే, తర్వాత చెబుదాంలే అనుకున్నాడు.

బావమరిది చూసి నోరు తెరిచాడు. "బావా, దీన్ని ముట్టుకుంటే తడిగా తగులుతుందేమోనని భయమేస్తోంది."

"బాగుందా?"

"అది వేరే సంగతి."

అక్కడితో ఆగినా పోయేది. కానీ తుపాకీ విప్పినప్పుడు గొట్టం మొదట్లో ఆయనకొక చిన్న రబ్బరు ముక్క కనబడింది. పూస బయటికి పోతూ దానికి రాసుకుని గిర్రున తిరుగుతుంది. ఆ తిరుగుడు వల్లే దూరం పోతుంది. ఆ ముక్క పాతబడి, పగుళ్లిచ్చి ఉంది. చిగుళ్లు ఒరుసుకుపోయినవాళ్లకి పళ్లసెట్టు అడుగున వేసే మెత్తటి పదార్థం ఒకటుంటుంది. దాంతో కొత్త ముక్క పోశాడు. మెత్తగా, నున్నగా, ముద్దుగా వచ్చింది. కాకపోతే గట్టిపడుతున్నప్పుడు కాస్త పక్కకి వాలింది. అది ఆయన గమనించలేదు. ఇంట్లో నడవలో అట్టపెట్టె పెట్టి కొట్టి చూసుకున్నాడు. నడవ పొట్టిది, అందుకని పూసలన్నీ పెట్టెకే తగిలాయి.

ఫ్యాక్టరీలో ఆ ఆదివారం నల్ల చొక్కాలకీ ఖాకీ చొక్కాలకీ ఆట. పళ్లాయన ఒక యంత్రం వెనక మోకాళ్లమీద కూర్చున్నాడు. ఎదురుగా డ్రమ్ము పక్కన ఒక ఖాకీ చొక్కా స్పష్టంగా కనబడుతోంది. ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు.

"తగిలింది!" అని కేక వినబడింది. అయితే అది ఎదురుగా కాదు, ఎడమవైపు స్తంభం దగ్గర్నుంచి. బావమరిది చెయ్యెత్తి బయటికొచ్చాడు. "ఎవడ్రా అది? అటువైపు ఎవరూ లేరే!"

పళ్లాయన మళ్లీ డ్రమ్ముకేసి గురిపెట్టి కొట్టాడు. ఎడమవైపునుంచి ఇంకో నల్ల చొక్కా చెయ్యెత్తాడు. డ్రమ్ము పక్కనున్న ఖాకీ చొక్కా, తనని ఎవరూ పట్టించుకోవడం లేదనుకుని ఆవలించాడు. పళ్లాయన ఈసారి ఇంకాస్త పైకి కొట్టాడు. పూస అరటికాయలా వంపు తిరిగి, గోడ చివర దాటి వెనక్కి మళ్లి, అక్కడ బాసింపట్టు వేసుకుని నీళ్లు తాగుతున్న ఖాకీల కెప్టెన్ చెవికి తగిలింది. ఆయనకి టైల్స్ షాపుంది. మంచి కోపిష్టి.

"గోడ వెనకాల కూర్చున్నవాణ్ణి!" అని అరుచుకుంటూ వచ్చాడాయన. "నిండు గోడ వెనకాల! నాకెలా తగులుతుందండీ? ఇదేం న్యాయం?"

డ్రిల్లు మాస్టారు ఆట ఆపించారు. పళ్లాయనని మధ్యలోకి పిలిచి, "అదిగో, ఆ డబ్బా. దాన్ని కొట్టండి, చూద్దాం" అని తను బాగా ఎడంగా, ఎడమపక్కకి జరిగి నిలబడ్డారు. పళ్లాయన డబ్బాకి గురిపెట్టాడు. పూస డబ్బావైపు బయల్దేరి, మధ్యలో మనసు మార్చుకుని, మాస్టారి పొట్టకి తగిలింది.

మాస్టారు తన నియమానికి తనే కట్టుబడే మనిషి. కాసేపు పొట్టకేసి చూసుకుని, చెయ్యెత్తి, "తగిలింది" అని బయటికి వెళ్లిపోయారు. రిఫరీ లేక ఆట పావుగంట ఆగింది. చివరికి రెండు జట్లూ వెళ్లి బతిమాలి తీసుకొచ్చాయి.

అప్పుడు మొదలైంది అసలు గొడవ.

"మా బావ మీ జట్టులోకి వస్తాడు" అన్నాడు బావమరిది.

"మాకెందుకు? మీ మనిషి, మీరే ఉంచుకోండి" అన్నాడు టైల్స్ షాపాయన.

"అనుభవం ఉన్న మనిషండీ. గౌరవంగా ఇస్తున్నాం, తీసుకోండి."

"మీ గౌరవం మీ దగ్గరే ఉండనీయండి. ఆయన మీ జట్టులో ఉంటే మీవాళ్లు ఇద్దరు పోయి మావాడు ఒకడు పోయాడు. మాకదే బాగుంది."

పళ్లాయన వెళ్లి బోర్లించిన డ్రమ్ము మీద కూర్చున్నాడు. అంతమంది తనని వద్దంటే వద్దని ఒకరిమీదికొకరు తోసుకోవడం ఆయనకి మనసుకి కష్టంగా తగిలింది. ఒళ్లో తుపాకీ పెట్టుకుని పిడి నిమురుతూ, "పట్టుకోవడానికి మాత్రం హాయిగా ఉందండీ" అన్నాడు, ఎవరితో అన్నట్టూ కాకుండా.

అంతలో గేటు దగ్గర హారన్ వినబడింది. నెత్తిన బోర్డున్న కారు ఎగురుతూ, ఆగుతూ, మళ్లీ ఎగురుతూ లోపలికొచ్చింది. స్టీరింగ్ దగ్గర ఒక టైలరమ్మ, కొత్తగా నేర్చుకుంటోంది, దాన్ని కౌగిలించుకుని కూర్చుంది. కారు ఇసక బస్తాలకి బెత్తెడు దూరంలో ఆగింది. పక్క సీట్లోంచి పళ్లాయన భార్య దిగింది.

"నా అద్దమేదండీ?"

మాస్కు లేకుండా లోపలికి వచ్చిందని డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదారు. ఆవిడ ఆయనకేసి చూసింది. ఆయన విజిల్ జేబులో పెట్టుకున్నారు.

"పొద్దుట్నుంచి వెనకాల ఏం బండి వస్తోందో తెలీకుండా నేర్పుతున్నాను. మెడ తిప్పీ తిప్పీ పట్టేసింది. ఇల్లంతా వెతికాను. ఇదిగో, ఇక్కడ, తుపాకీకి బొట్టుబిళ్లలా పెట్టుకున్నారా?"

"వెనకనుంచి కొడుతున్నారే నన్ను..."

"అయితే వెనక్కి తిరగండి!"

బావమరిది మధ్యలోకొచ్చాడు. "అక్కా, అద్దం సంగతి తర్వాత. బావ తుపాకీ ఎడమకి లాగేస్తోంది. మేమంతా చచ్చిపోతున్నాం."

ఎడమకి లాగడం అనే మాట చెవిన పడగానే ఆవిడ మొహం మారిపోయింది. రోజూ వినే మాట అది.

"ఎలా లాగుతోంది? బయల్దేరినప్పట్నుంచీనా, కాస్త దూరం పోయాకా?"

"దూరం పోయాక."

"ఎప్పుడూ ఒకలాగే లాగుతోందా, ఒక్కోసారి ఒక్కోలాగానా?"

అందరూ పళ్లాయనకేసి చూశారు. "ఒకలాగే" అన్నాడాయన నేలచూపులు చూస్తూ.

"మరింకేం? మన కారు మాత్రం తిన్నగా పోతోందేంటి? అది ఎడమకి లాగుతుందని నేను నేర్పడం మానేశానా? లాగుతుందని తెలిశాక మనం కుడికి పట్టుకోవాలి. ఏదీ, ఇలా ఇవ్వండి."

తమ్ముడి మాస్కు లాక్కుని పెట్టుకుంది. ఖాళీ గోడవైపు కొన్ని పూసలు కొట్టి, వంపు ఎక్కడ మొదలవుతోందో తల పక్కకి వాల్చి చూసుకుంది. "మలుపు కొంచెం ఆలస్యంగా తీసుకుంటోంది" అని తనలో తను అనుకుంది. తర్వాత, ఆట మొదలెట్టమంది.

ఖాకీలు ఎప్పట్లాగే గోడల వెనకా స్తంభాల వెనకా దాక్కున్నారు. ఆవిడ వాళ్లెవరికేసీ గురిపెట్టలేదు. కిటికీకేసి, మెట్లకేసి, ఒకసారైతే పైకప్పుకేసి కొట్టింది. పూసలు చల్లగా వంపు తిరిగి గోడల వెనక్కి వెళ్లిపోయాయి. ఒక్కొక్క ఖాకీ చొక్కా చెయ్యెత్తుకుని, తనని కాపాడాల్సిన గోడకేసి నమ్మకద్రోహిని చూసినట్టు చూస్తూ బయటికొచ్చాడు. టైల్స్ షాపాయన ఈసారి ఒక మూలలో, రెండు గోడల మధ్య, నెత్తిన రేకు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకి మోకాలికి తగిలింది.

ఇది చూసి కారులో టైలరమ్మ సంబరంగా చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొడుతూ ఎగిరిన ఊపులో బ్రేకు మీద కాలు తీసేసింది. కారు మెల్లగా వెనక్కి దొర్లింది. ఆట మధ్యలో ఉన్న ఇన్‌స్ట్రక్టరమ్మ కుడికాలు దబ్బున నేలని తొక్కింది. "బ్రేక్!" అని అరిచింది. టైలరమ్మ బ్రేకు తొక్కింది. అటు పరిగెడుతున్న నల్ల చొక్కాలూ ఇటు పరిగెడుతున్న ఖాకీ చొక్కాలూ కూడా ఎక్కడివాళ్లక్కడ ఒంటికాలి మీద ఆగిపోయారు. బయట పొట్ట రాసుకుంటూ కూర్చున్న డ్రిల్లు మాస్టారు తెలియకుండానే అటెన్షన్‌లో లేచి నిలబడ్డారు.

ఇంటికెళ్లేటప్పుడు పళ్లాయన వెనక సీట్లో కూర్చున్నాడు. జట్టంతా భార్య చుట్టూ చేరి మెచ్చుకుంటుంటే ఆయనకి సంతోషంగానే ఉంది. లోపల ఎక్కడో కాస్త చిన్నబోయినట్టు కూడా ఉంది. ఇన్ని రోజులు కూర్చుని చేసింది తను. పూస వంపు తిరిగింది తన వల్ల. పేరేమో ఆవిడకి. టైలరమ్మ తన ఇంటిదగ్గర దిగిపోయాక, భార్య గాజుకి మళ్లీ అంటించిన అద్దంలో ఆయన మొహం చూసింది.

"ఏంటి, ముడుచుకుని కూర్చున్నారు?"

"ఏం లేదు."

"ఆ పిడి ఉందే..."

"ఆ?"

"నాకు పెద్దదైంది. చిటికెనవేలు గాల్లో ఉంటోంది. ఇంకొకటి చేస్తారా?"

పళ్లాయన ముందు సీటు పట్టుకుని ముందుకి వంగాడు. చిటికెనవేలు ఎక్కడిదాకా వస్తోంది, బొటనవేలి కింద ఖాళీ ఉంటోందా, ఎక్కువసేపు పట్టుకుంటే మణికట్టు లాగుతోందా అని ఇల్లు చేరేదాకా అడుగుతూనే ఉన్నాడు. తనకి కావలసింది ఎవర్నో కొట్టడం కాదని ఆయనకి అప్పుడు తెలిసింది. తన చేతి పని ఎవరి చేతిలోనో హాయిగా ఒదగాలి. అంతే ఆయన సరదా. నోళ్లతో అయితే ఆ సుఖం లేదు, పళ్లసెట్టు బాగా కుదిరినవాళ్లెవరూ తిరిగొచ్చి చెప్పరు.

మర్నాడు సాయంత్రం క్లినిక్ వెనక గదిలో ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, ముద్ద కలిపి, ఆవిడ చెయ్యి అందులో పెట్టి, పైనుంచి తన రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కదలకు. గట్టిపడేదాకా కదిలితే పాడైపోతుంది."

"ఎంతసేపు?"

"కాసేపు."

పెళ్లయిన కొత్తలో తప్పితే వాళ్లిద్దరూ అంతసేపు చేతులు పట్టుకుని కూర్చున్నది లేదు. గదంతా పుదీనా వాసన. అరమీద దవడలన్నీ నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి.

"వాటిని అటు తిప్పండి, సిగ్గేస్తోంది" అంది ఆవిడ.

"చెయ్యి తీస్తే పాడైపోతుందే."

"అయితే ఉండనీయండి."

ఆ తర్వాత నల్ల చొక్కాలందరూ వరసగా వచ్చి చేతులు ముంచి పోయారు. ఖాకీలు కూడా వచ్చారు. టైల్స్ షాపాయన అందరికంటే ముందొచ్చి, తనకి పిడి ఒక్కటే చాలనీ రబ్బరు ముక్క మాత్రం ముట్టుకోవద్దనీ ప్రమాణం చేయించుకున్నాడు. ఫ్యాక్టరీలో ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా చిగుళ్ల రంగే. వంపు తిరిగే తుపాకీ మాత్రం ఇన్‌స్ట్రక్టరమ్మ దగ్గరే ఉంది. పళ్లాయన ఆడటం మానేశాడు. ఆదివారాలు రేకుల షెడ్డు కింద చిన్న బల్ల వేసుకుని, డ్రిల్లు మాస్టారితో కబుర్లు చెబుతూ, వచ్చినవాళ్ల తుపాకీలు గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చుంటాడు.

మొన్నామధ్య పక్క ఊరినుంచి ఒక జట్టు ఆడటానికి వచ్చింది. వాళ్లకి మన ఇన్‌స్ట్రక్టరమ్మ గురించి ఎవరో చెప్పి భయపెట్టి ఉంచారు. ఇంకేం, గెలిచేసినట్టే అనుకున్నారు నల్ల చొక్కాలు. తీరా ఆట మొదలైన కాసేపటికే ఆవిడ చెయ్యెత్తుకుని షెడ్డు దగ్గరికొచ్చేసింది. రెండో ఆటలోనూ అంతే. మూడోదాంట్లో పళ్లాయన లేచి వెళ్లి కిటికీలోంచి తొంగిచూశాడు. ఆవిడ గోడవారన చప్పుడు లేకుండా వస్తోంది. మూల దగ్గర ఆగింది. అటూ ఇటూ చూసింది. అప్పుడు, కుడికి తిరగబోతూ, కుడిచెయ్యి బారుగా బయటికి చాపి చూపించింది. ఆ చెయ్యి చూసి అవతల ముగ్గురు తుపాకీలు పట్టుకుని తయారుగా ఉన్నారు. తిరగ్గానే తగిలింది.

ఆవిడ ధుమధుమలాడుతూ వచ్చి బల్ల పక్కన కూలబడింది.

"చెయ్యి ఎందుకు చూపించావు?" అన్నాడు పళ్లాయన నెమ్మదిగా.

"తిరుగుతున్నాను కదండీ!"

"వాళ్లకి తెలిసిపోతోంది."

"తెలియాలి. తెలియకుండా ఎలా తిరుగుతారు మనుషులు? వెనకాల వచ్చేవాడు గుద్దెయ్యడా?" అని డ్రిల్లు మాస్టారివైపు తిరిగింది. "మీరు చెప్పండి మాస్టారూ. రూలా కాదా?"

మాస్టారు రూలే అన్నారు. ఆ రోజు మన జట్టు చిత్తుగా ఓడిపోయింది.